అరవై ఒకటో పని

మా అపార్ట్‌మెంట్లలో ఎనభై నాలుగు ఫ్లాట్లున్నాయి. ఎంత వాన కురిసినా సెల్లారులో చుక్క నీరు నిలవదు. ఎంత ఎండలు మండినా ఒక్క పూట నీళ్ళు ఆగవు. పక్క అపార్ట్‌మెంట్ల వాళ్ళు వచ్చి, మా ఫోన్లలో ఉన్న పనుల పట్టిక చూసి, ఇంత బాగా ఎవరు తయారుచేశారండీ అని అడుగుతుంటారు. మా సెక్రటరీ నా వైపు చెయ్యి చూపిస్తాడు. నేను తల దించుకుంటాను. ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని, ఎక్కడ ఎంత తల దించాలో నాకు బాగా తెలుసు.

ఆ పట్టికలో అరవై ఒక్క పనులున్నాయి. అరవై నావి కావు. అవి చెప్పిన మనిషిని మేమంతా క్యాలెండర్ అని పిలిచేవాళ్ళం. అరవై ఒకటోది మాత్రం అచ్చంగా నాది. దాని గురించే ఇది రాస్తున్నాను.

క్యాలెండర్ మా కేర్‌టేకర్. ఇరవై రెండేళ్ళు మా దగ్గర ఉన్నాడు. పంపు గదిని ఆనుకుని, పది అడుగులకు తొమ్మిది అడుగుల గది ఒకటి ఉండేది. అందులో అతనూ, భార్యా. కిటికీ తీస్తే ఎదురుగా నీళ్ళ సంపు మూత. కిటికీ కింద ఆవిడ కుట్టు మిషను. మా జాకెట్ల చేతులు, మా పిల్లల ప్యాంట్ల జిప్పులు, మా దిండు గలీబులు, అన్నీ ఆ మిషను కిందకే వెళ్ళేవి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కలేదు. ఎవరికేం కావాలన్నా కిటికీ దగ్గరికి మనమే వెళ్ళాలి. వెళ్తే ఊరికే పంపేది కాదు, ఏదో ఒక మాట అని నవ్వించి పంపేది. ఒకసారి, "మా ఆయనకి మోటారు మూలిగితే నాలుగు గోడల అవతలున్నా వినపడుతుందమ్మా. నేను మూలిగితే పక్కనే ఉన్నా వినపడదు," అంది. లోపల అన్నం తింటున్న క్యాలెండర్, మోటారు ఎప్పుడో ఒకసారి మూలుగుతుంది కాబట్టి వినపడుతుందని జవాబిచ్చాడు.

అతన్ని ఇంకా పెద్ద అపార్ట్‌మెంట్ల వాళ్ళు చాలాసార్లు పిలిచారు. వెళ్ళలేదు. అలాంటి చోట్ల మగవాడికి ఒక మంచం ఇస్తారు గానీ ఆలుమగలకి గది ఇవ్వరు. కింద అంతస్తులో, మెట్లు లేకుండా, భార్యతో కలిసి ఉండడానికి నాలుగు గోడలు. అతనికి కావలసింది అంతే. ఆ సంగతి అతను దాచుకోలేదు. ఈ గది ఉన్నంతకాలం నేను ఇక్కడే ఉంటానమ్మా అని నాతోనే ఎన్నోసార్లు అన్నాడు.

ఆ పేరు ఎందుకొచ్చిందంటే, ఏ కాలంలో ఏ పని చెయ్యాలో అతని బుర్రలో ఉండేది. తేదీల ప్రకారం కాదు. మూడో అంతస్తులో 304 వాళ్ళ చెక్క తలుపు బిగుసుకుపోయి భుజంతో తోస్తే గానీ తెరుచుకోకపోతే, గాలికి చెమ్మ పట్టినట్టు. ఇక నాలుగు రోజుల్లో డాబా మీద వాన గొట్టాల నోళ్ళు శుభ్రం చెయ్యాలి. పొద్దున ఎనిమిదింటికి కుళాయి కింద చెయ్యి పెడితే నీళ్ళు గోరువెచ్చగా తగిలిన రోజు నుంచి మొక్కలకి నీళ్ళు సగం చెయ్యాలి, లేకపోతే నెల తిరిగేసరికి సంపు అడుగు కనిపిస్తుంది. చలి మొదలయ్యాక లిఫ్టు మొదటి అంతస్తు దగ్గర చిన్నగా దగ్గినట్టు ఆగితే, తలుపు పట్టాలకి నూనె అయిపోయినట్టు. మోటారు మీద అరచెయ్యి ఆనించి, ఇది ఇంకో రెండు నెలలు పనిచేస్తుందమ్మా అనేవాడు. రెండు నెలల మీద నాలుగు రోజులు పనిచేసేది.

ఇంతలో మాకు కొత్త సెక్రటరీ వచ్చాడు. చురుకైన మనిషి. ఏదైనా పాతగా ఉంటే తోచదు. అసోసియేషన్ పనులన్నీ ఫోనులోకి ఎక్కించే ఒక కంపెనీని మాట్లాడుకొచ్చాడు. ట్యాంకుల్లో నీళ్ళెన్ని ఉన్నాయో వాటికి బిగించిన చిన్న డబ్బాలు చెబుతాయి, మోటారు వేడెక్కితే ఫోను మోగుతుంది, ఏ కాలంలో ఏ పని చెయ్యాలో నెల ముందే గుర్తుచేస్తుంది, ఫోను మోగితే కంపెనీ మనిషే వచ్చి చేసి వెళ్తాడు. అంతా బాగుంది. కాకపోతే ఆ యంత్రానికి ఏ పనులు గుర్తుచెయ్యాలో ఎవరో ఒకరు చెప్పాలి కదా. అది తెలిసినవాడు ఒక్కడే. యంత్రం ఎంత గొప్పదైనా మనిషి లేకుండా నడవదయ్యా, నిన్నెవరు కదుపుతారు, నీకు తెలిసిందంతా చెప్పు అని సెక్రటరీ అతని భుజం తట్టాడు. రాసే పని జాయింట్ సెక్రటరీనైన నాకు అప్పగించాడు.

నలభై మధ్యాహ్నాలు పట్టింది. అతను నా ఇంట్లో కుర్చీలో కూర్చునేవాడు కాదు కాబట్టి నేనే పంపు గదికి వెళ్ళి స్టూలు మీద కూర్చునేదాన్ని. అతను చెప్పేవాడు, నేను ఫోనులోకి ఎక్కించేదాన్ని. వస్తువు ఏమిటి, దాని వయసెంత, ఏ కాలంలో ఏం చెయ్యాలి, ఎంత అవసరం. అవసరానికి మూడు రంగులు. పచ్చరంగు పెడితే తీరిగ్గా చూస్తారు. పసుపు పెడితే ఆ కాలంలోపు. ఎరుపు పెడితే దాని పక్కన ప్రమాదకరం అనే మాట దానంతటదే పడుతుంది, మొదటి వానకు ముందే చెయ్యాలి.

తేదీ చెప్పవయ్యా అంటే, తేదీ ఏముందమ్మా, 304 వాళ్ళ తలుపు చెబుతుంది కదా అనేవాడు. కంపెనీ మనిషి నవ్వి, ఆ తలుపు పక్కనే చెమ్మను కొలిచే డబ్బా ఒకటి బిగించాడు. కుళాయి దగ్గర నీళ్ళ వేడి కొలిచేది ఒకటి. మోటారు మీద, సరిగ్గా అతను అరచెయ్యి ఆనించే చోట, ఇంకొకటి. ఎక్కడ బిగించాలో దగ్గరుండి చూపించింది క్యాలెండరే. ఇంకాస్త కిందకి పెట్టండి, అక్కడైతే ముందే తెలుస్తుంది అని చెప్పాడు. ఒక్క కిటుకు కూడా దాచుకోలేదు. దాచుకోవాలన్న ఆలోచనే అతనికి రాలేదు. నాకు వచ్చింది, కొంచెం దాచుకోవయ్యా అని చెప్పాలనిపించింది. కానీ పట్టిక నాది కదా, అది నిండుగా రావాలి. చెప్పలేదు.

అరవై పనులు పూర్తయిన రోజు భార్య కిటికీలోంచి, "ఆయన ఊళ్ళో గోడలన్నీ రాయించాడు గానీ మా గోడ రాయించడమ్మా," అంది. వాళ్ళ గదికి ఉత్తరం వైపు గోడ ఏటా వానల్లో చెమ్మగిల్లేది. సున్నం పెచ్చులు రాలి ఆవిడ కుట్టే బట్టల మీద పడేవి. దాని సంగతి చూడమని ఎన్నో కమిటీలకి చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. అది మా సొంత గోలమ్మా, అసోసియేషన్ పని కాదు, వదిలెయ్యండి అన్నాడు క్యాలెండర్. రాస్తే గానీ ఏదీ జరగదయ్యా అని నేనే పట్టుబట్టాను. అతను సరేనని, చెమ్మ ఉంది, పచ్చరంగు పెట్టండి చాలు అన్నాడు.

నేను ఎరుపు పెట్టాను. పచ్చ పెడితే ఇంకో ఇరవై రెండేళ్ళు పడుతుందని నాకు తెలుసు. ఎరుపైతే ఈ వానలకే బాగుచేస్తారు. మంచికే చేశాను. ఆ ఒక్క నిమిషం గురించి మాత్రం నేను ఇప్పటికీ ఎవరి ముందైనా నిలబడి మాట్లాడగలను. ఆ తర్వాతది వేరు.

పట్టిక చూపించడానికి ఆదివారం పొద్దున హాల్లో సమావేశం పెట్టారు. కుర్చీలు వేసింది క్యాలెండర్. తెర మీద బొమ్మ బాగా పడాలని కర్టెన్లు మూసిందీ అతనే. మూసి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సెక్రటరీ ఒక్కో పనీ చదువుతుంటే జనం చప్పట్లు కొట్టారు. నన్ను ముందుకి పిలిచి పూలగుత్తి ఇచ్చారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కేర్‌టేకర్‌కి కూడా ఒకసారి చప్పట్లు కొట్టండి అని ఎవరో అంటే కొట్టారు. పాత మోటార్ల వయసు చదువుతున్నప్పుడు 102 ఆయన గుమ్మం వైపు చూసి, మన క్యాలెండర్‌ది కూడా వారంటీ అయిపోయినట్టుంది అన్నాడు. హాలంతా నవ్వింది. మర్యాద కోసం క్యాలెండర్ కూడా నవ్వాడు.

అప్పుడు అరవై ఒకటోది తెర మీదికి వచ్చింది. ఆ యంత్రానికి ఒక లెక్క ఉందట. ఇరవై ఏళ్ళు దాటిన కట్టడానికి ఎరుపు రంగు ఉంటే, బాగుచెయ్యమని చెప్పదు. తొలగించడం మేలు అని చూపిస్తుంది. నాకు ఆ సంగతి తెలియదు. సెక్రటరీకి తెలుసో లేదో చెప్పలేను గానీ కొత్త యంత్రాల బోర్డులూ బ్యాటరీలూ పెట్టడానికి చోటు కావాలని నెలరోజులుగా వెతుకుతున్నాడు. యంత్రమే చెబుతోంది కాబట్టి ఆ గది తీసేద్దాం, ప్రాణాలతో చెలగాటం ఎందుకు అన్నాడు. కుక్కను చంపాలంటే పిచ్చిదని పేరు పెట్టాలి. ఇక్కడ ఆ పేరు కూడా నేనే పెట్టి ఇచ్చాను.

క్యాలెండర్ గుమ్మం దగ్గర్నుంచి ఒక అడుగు లోపలికి వేశాడు. "గోడకి చెమ్మేనండీ. పడిపోయే గోడ కాదు," అన్నాడు.

"టీచరమ్మగారు ప్రమాదకరం అని రాశారు కదయ్యా. ఊరికే రాస్తారా?" అన్నాడు సెక్రటరీ.

అందరూ నా వైపు తిరిగారు. ఆ ఎరుపు నేను కావాలని పెట్టాను, గోడ గట్టిగానే ఉంది అంటే సరిపోయేది. అంతకంటే అక్కర్లేదు. కానీ ఒక్కటి తప్పుడు రాత అని ఒప్పుకుంటే మిగతా అరవై సంగతేమిటి అని 102 ఆయన అడుగుతాడు. ముప్పై నాలుగేళ్ళలో ఎవడి పేపర్లోనూ ఒక్క మార్కు తప్పు వెయ్యలేదని చెప్పుకుని తిరిగినదాన్ని. పూలగుత్తి ఇంకా ఒళ్ళోనే ఉంది. నాకు సిగ్గేసింది, అది అతని గురించి కాదు.

"రాసేటప్పుడు నువ్వే కదయ్యా చెప్పావు, పడేలా ఉందని," అన్నాను.

అతను నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. నేను ఏదో లెక్క చెబుతుంటే అర్థం కాని పిల్లవాడు ఎలా చూస్తాడో అలా చూశాడు. తర్వాత సెక్రటరీ వైపు తిరిగి, "అవునండీ. నేనే చెప్పాను," అన్నాడు. తొలగించాలనేవాళ్ళు చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను.

వాళ్ళకి మూడు వారాలు గడువిచ్చారు. ఉద్యోగం తీసెయ్యలేదని, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళొచ్చని సెక్రటరీ పెద్ద మనసుతో చెప్పాడు. ఎక్కడినుంచి రావాలో, ఎక్కడికి వెళ్ళాలో చెప్పలేదు. ఆ మూడు వారాలూ నేను మెట్లు దిగి పంపు గది వైపు వెళ్ళలేదు. మా బాల్కనీలోంచి చూస్తే వాళ్ళ కిటికీ కనిపించేది. మిషను నడుస్తూనే ఉంది. సర్దుకుంటున్న జాడ లేదు. ఎంత ధీమా అనుకున్నాను. కొంచెం కోపం కూడా వచ్చింది. మనం ఎవరికి అన్యాయం చేస్తామో వాళ్ళ మీద మనకి కోపం త్వరగా వస్తుంది.

గడువుకి ముందు రోజు ఆవిడ కిటికీలోంచి నన్ను పిలిచింది. తప్పించుకోలేక వెళ్ళాను.

"రేపే కదమ్మా. మీరు చూసిన గది ఏ వైపు?" అంది.

నేనేం గది చూశానని అడిగాను. ఆవిడ నవ్వు సగంలో ఆగింది. "టీచరమ్మ అబద్ధం చెప్పరు, చెప్పారంటే మన మేలుకే ఏదో ఆలోచించి ఉంటారు, కాబట్టి అవునన్నానని మా ఆయన అన్నారమ్మా. ఇంకో గది ఏదో చూసే ఉంటారని మేం సర్దుకోలేదు."

మూడు వారాలు. ఆ మూడు వారాల్లో వాళ్ళు ఎక్కడో ఒకచోట వెతుక్కునేవాళ్ళు. నా మీద నమ్మకంతో కూర్చున్నారు. నేను లేదమ్మా అన్నాను. ఇంటికి వెళ్ళి ఒక మంచి దుప్పటి తెచ్చి ఇచ్చాను. తీసుకుంది. దాని అంచు ఊడి ఉందని చూసి, ఆ కాస్త సేపట్లోనే మిషను మీద వేసి కుట్టుకుంది.

మర్నాడు ఆవిడ చెల్లెలు వచ్చి తీసుకెళ్ళింది. చెల్లెలి ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. క్యాలెండర్‌కి అక్కడ చోటు లేదు. కొన్నాళ్ళు సెల్లారులో ఒక మూల పడుకుని కంపెనీ మనిషికి వాల్వులన్నీ చూపించాడు. చూపించడం అయిపోయాక అతనితో పని లేదని తేలింది. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం మా అసోసియేషన్‌కి ఎవరూ నేర్పక్కర్లేదు.

గదిని కొట్టడానికి ఒక్క పూట చాలన్నారు. రెండు రోజులు పట్టింది. మిగతా మూడు గోడలూ మొదటి రోజే పడ్డాయి. ఉత్తరం గోడ పడలేదు. పైన సున్నం పెచ్చులు రాలాయి గానీ లోపల ఇటుక కదల్లేదు. ఎవరండీ దీన్ని పడిపోతుందన్నది అని పనివాళ్ళు తిట్టుకుంటూ పెద్ద మిషను తెప్పించారు. నేను బాల్కనీ తలుపు వేసుకున్నాను. చప్పుడు వినపడుతూనే ఉంది.

క్యాలెండర్ లేకపోతే అంతా తారుమారవుతుందని కొందరు అనుకున్నారు. నేనూ అనుకున్నాను, ఒక రకంగా కోరుకున్నాను. ఏమీ కాలేదు. అతను అంత బాగా చెప్పి వెళ్ళాడు. వేసవిలో నీళ్ళు వెచ్చబడిన రోజే ఫోను మోగింది. మొక్కలకి నీళ్ళు సగం చేశారు. నేను అతని మాటల్నే ఎక్కించాను కాబట్టి ఎనభై నాలుగు ఫోన్లలోనూ అతని మాటలే వస్తాయి. గొట్టాల నోళ్ళు చూడండమ్మా, ఆకులు అడ్డం పడి ఉంటాయి. ఆ అమ్మా అన్న మాట తీసెయ్యమంటారా అని కంపెనీ మనిషి అడిగాడు. జనానికి నచ్చిందని సెక్రటరీ ఉంచమన్నాడు.

అయిదు నెలల తర్వాత మా అమ్మాయి కారులో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాం. భూమి కింద రెండు అంతస్తుల లోతున కార్లు పెట్టే చోటు. అక్కడ ఈల నోట్లో పెట్టుకుని కార్లని వెనక్కి రమ్మంటున్నది క్యాలెండర్. నన్ను చూసి ఈల తీసి దణ్ణం పెట్టాడు. అక్కడ ఎనిమిది మంది మగవాళ్ళకి ఒక గది ఇచ్చారట. వారానికి ఒక రోజు సెలవు. ఆ రోజు వెళ్ళి భార్య దగ్గర కూర్చుని వస్తాడట. ఆవిడ ఆ మూడో అంతస్తు ఎక్కిన రోజు నుంచి ఇంతవరకూ దిగలేదట. కుట్టు మిషను మాత్రం కిందే, మెట్ల దగ్గర ఉండిపోయిందట. ఇవన్నీ నేను అడిగితే చెప్పాడు. అతను అడిగినవి వేరు. 304 వాళ్ళ తలుపు ఇంకా బిగుసుకుంటోందా, మోటారు ఎలా ఉంది. అంతా బాగుందని చెప్పాను.

"గోడ ఎలా పడిందమ్మా?" అన్నాడు చివరికి.

అతనికి ఇవ్వడానికి నా దగ్గర నిజం ఒక్కటే మిగిలి ఉంది. దానివల్ల నాకు పోయేది ఏమీ లేదు. అక్కడ కమిటీ లేదు, పూలగుత్తి లేదు. అయినా నోరు అలవాటు పడిపోయింది.

"ఒక్క దెబ్బకే పడిపోయిందయ్యా," అన్నాను.

అతను తన అరచెయ్యి చూసుకున్నాడు. "ఇన్నేళ్ళూ మా ఆవిణ్ణి దాని పక్కనే పడుకోబెట్టానమ్మా. నాకు తెలియనే లేదు," అన్నాడు. వెనక కారువాడు హారను కొట్టాడు. క్యాలెండర్ ఈల నోట్లో పెట్టుకుని అటు పరుగెత్తాడు.

ఈ ఏడు వానలకి ముందు నా ఫోను మోగింది. పంపు గది పక్క గది, ఉత్తరం గోడ, ప్రమాదకరం, పని పూర్తయిందా? గదే లేనప్పుడు ఇదేమిటని కంపెనీ మనిషిని అడిగాను. ప్రతి పనినీ ఎవరు రాశారో వాళ్ళే మూసెయ్యాలండీ, మీరు మూసేదాకా ఏటా అడుగుతూనే ఉంటుంది అన్నాడు. తెర మీద రెండు గడులు చూపించాడు. ఒకదాంట్లో పూర్తయింది అని ఉంది. రెండోదాంట్లో పొరపాటున రాశారు అని ఉంది. రెండోది నొక్కితే ఆ సంగతి ఎనభై నాలుగు ఇళ్ళకీ వెళ్తుందని చెప్పాడు.

మూడు రోజులు ఫోను మోగుతూనే ఉంది. 304 వాళ్ళు తలుపుని భుజంతో తోస్తున్న చప్పుడు కూడా వినిపించింది. నాలుగో రోజు పొద్దున మబ్బు పట్టింది. నేను ఫోను తీసి, పూర్తయింది అన్న గడిని నొక్కాను. భవనాన్ని భద్రంగా ఉంచుతున్నందుకు మీకు ధన్యవాదాలు అని వచ్చింది. మధ్యాహ్నానికి వాన మొదలైంది. సాయంత్రం సెక్రటరీ సెల్లారులోకి దిగి చూసి, చుక్క నీరు లేదు టీచరమ్మగారూ అని కింది నుంచి కేకేసి చెప్పాడు.